ఫోనుకున్న దొడ్డిదారులు

2005 జనవరి చివర్లో గ్రీసులో ఒక చిన్న చిరాకు మొదలైంది. వేరే కంపెనీ నంబర్ల నుంచి వోడాఫోన్ నంబర్లకు పంపిన ఎస్సెమ్మెస్‌లు కొన్ని చేరడం లేదు. ఫిర్యాదులు పెరిగాక వోడాఫోన్, తనకు ఎక్స్ఛేంజీ యంత్రాలు అమ్మిన స్వీడన్ సంస్థ ఎరిక్సన్‌ను కారణం వెతకమంది. ఎరిక్సన్ ఇంజినీర్లు కొన్ని వారాలు తవ్వి చూస్తే, ఆ యంత్రాల్లో తాము రాయని ప్రోగ్రాము ఒకటి కూర్చుని ఉంది. వందకు పైగా నంబర్ల కాల్స్‌ను అది గుట్టుగా రెండో దారిన 14 ప్రీపెయిడ్ ఫోన్లకు కూడా పంపిస్తోంది. ఆ నంబర్లలో ప్రధాని కోస్తాస్ కరమన్లిస్‌ది ఉంది, ఆయన భార్యది ఉంది, రక్షణ, విదేశాంగ మంత్రులవి ఉన్నాయి, ఏథెన్స్ మేయరుది ఉంది. 2004 ఆగస్టు ఒలింపిక్స్‌కు ముందు నుంచీ, అంటే ఆరు నెలలకు పైగా, ఒక దేశాన్ని నడిపేవాళ్లు ఫోన్లో మాట్లాడుకున్నది ఎవరో వింటూ వచ్చారు. చొరబాటుదారులు తమ ప్రోగ్రామును కొత్త వెర్షన్‌కు మార్చుకోబోయి చేసిన పొరపాటు వల్లే ఎస్సెమ్మెస్‌లు ఆగాయి. ఆ పొరపాటు జరగకపోతే ఇంకెంతకాలం సాగేదో.

ఈ కథలో అసలు విశేషం, వాళ్లు లోపలికి వచ్చిన దారి. ప్రధాని ఫోనును ఎవరూ ముట్టుకోలేదు, ఏ రహస్య సంకేతాన్నీ ఛేదించలేదు. పోలీసులు అనుమతితో ఫోన్లు వినడానికి వీలుగా ఎక్స్ఛేంజీ యంత్రాల్లో ఒక ఏర్పాటు ఉంటుంది. గ్రీసు వోడాఫోన్ ఆ ఏర్పాటును పూర్తిగా కొనలేదు. అయినా 2003 ఆరంభంలో వచ్చిన సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్‌తో పాటు వినే భాగం యంత్రాల్లోకి వచ్చి చేరింది. ఎవరి నంబరు వింటున్నామో చూపించి, రికార్డు చేసి పెట్టే పైభాగం మాత్రం రాలేదు. చొరబడినవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? వినే సాధనం సిద్ధంగా ఉంది, విన్నట్టు లెక్క మాత్రం ఎక్కడా పడదు. దొరికిన ప్రోగ్రామును వోడాఫోన్ హడావుడిగా తీసేయడంతో ఆనవాళ్లూ చెరిగిపోయాయి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగ ఇంటివాడో బయటివాడో కూడా కోర్టులో తేలలేదు. తేలిందల్లా గ్రీసు నియంత్రణ సంస్థ వోడాఫోన్ మీద వేసిన 7.6 కోట్ల యూరోల జరిమానా.

ఫోను భద్రత అనగానే మనకు తాళాలు గుర్తొస్తాయి. పాస్‌వర్డు, వేలిముద్ర, యాంటీవైరస్ వగైరా. చెడ్డవాడు తాళం పగలగొట్టుకుని వస్తాడని మన ఊహ. మొబైల్ ఫోను చరిత్ర తిరగేస్తే కనిపించేది వేరు. ఎవరి అధికారం కోసమో, ఎవరి సౌకర్యం కోసమో, ఎవరి బేరం కోసమో ముందే పెట్టి ఉంచిన దొడ్డి తలుపు గుండా వచ్చినవాళ్లే ఎక్కువ. ఆ తలుపు తీసే హక్కు ఎవరికుందో యంత్రానికి తెలియదు. తీసే పద్ధతి తెలిస్తే చాలు, మంత్రికైనా మాయగాడికైనా ఒకేలా తెరుచుకుంటుంది. కాబట్టి మన ఫోను ఎంత భద్రం అన్న ప్రశ్నకు జవాబు తాళం ఎంత గట్టిది అన్నదాంట్లో కాక, ఎన్ని దొడ్డిదారులున్నాయి, వాటిని ఎవరు తీస్తున్నారో మనకు కనబడుతుందా అన్నదాంట్లో ఉంది.

అన్నిటికంటే పాత దారి గాలిలోనే ఉంది. ఫోను నుంచి టవరు దాకా మన మాట రేడియో తరంగమై పోతుంది. పక్కనున్న ఎవరైనా ఆ తరంగాన్ని పట్టుకోవచ్చు కనుక దాన్ని సంకేతాల్లోకి మార్చి పంపాలి. 2జీ అని మనం పిలిచే జీఎస్ఎం పద్ధతి 1980లలో యూరప్‌లో రూపుదిద్దుకున్నప్పుడు ఇందుకోసం రెండు సంకేత పద్ధతులు తయారు చేశారు. యూరప్ దేశాలకు, వాళ్ల మిత్రులకు ఏ5/1. మిగతా ప్రపంచానికి ఎగుమతి చేయడానికి, కావాలనే బలహీనంగా చేసిన ఏ5/2. కొందరి మాటలు సులువుగా వినబడాలని ముందే నిర్ణయించి గీసిన డిజైను అన్నమాట. పోనీ మొదటి రకమైనా గట్టిదా అంటే, దాని 64 బిట్ల తాళంచెవిలో చాలా ఏళ్ల పాటు 10 బిట్లు ఎప్పుడూ సున్నాలే. 2003లో ఇజ్రాయెల్ టెక్నియన్ పరిశోధకులు ఏ5/2ను సెకను కంటే తక్కువ సమయంలో విప్పే పద్ధతి చూపించారు. 2009 డిసెంబరులో జర్మన్ పరిశోధకుడు కార్స్టెన్ నోల్ బెర్లిన్‌లో జరిగిన హ్యాకర్ల మహాసభలో, ఏ5/1ను విప్పడానికి పనికొచ్చే సుమారు రెండు టెరాబైట్ల పట్టికలను అందరి ముందూ పెట్టారు. ఏడాది తిరిగేసరికి అదే సభలో చవక మోటరోలా ఫోన్లను కాస్త మార్చి, గాలిలోని 2జీ కాల్‌ను పట్టి వినిపించారు. గూఢచారుల కోసం సడలించిన బిగువు, రెండు దశాబ్దాలకల్లా ఔత్సాహికుల చేతికి అందింది.

2జీకి ఇంకో జబ్బుంది. సిమ్ము అసలుదా కాదా అని టవరు పరీక్షిస్తుంది. టవరు అసలుదా కాదా అని ఫోను పరీక్షించదు. ఈ ఒంటివైపు నమ్మకం మీద ఆధారపడే నకిలీ టవర్లు పుట్టాయి. పెట్టె పరిమాణంలో ఉండే ఈ యంత్రం గట్టి సిగ్నల్ ఇస్తూ తానే కంపెనీ టవరునని చెప్పుకుంటుంది, చుట్టుపక్కల ఫోన్లన్నీ పోయి దానికి తగులుకుంటాయి. ఒకప్పుడు ఇది ప్రభుత్వ సంస్థలు మాత్రమే కొనగలిగిన ఖరీదైన సామగ్రి. 2010లో అమెరికాలోని డెఫ్‌కాన్ సదస్సులో ఒక పరిశోధకుడు సుమారు 1,500 డాలర్ల పరికరాలతో దీన్ని తయారు చేసి చూపించారు. 2022 డిసెంబరు చివర్లో పారిస్ పోలీసులు ఒక కారును ఆపి సోదా చేస్తే డిక్కీలో ఇలాంటి యంత్రమే ఉంది. దాన్ని వీధుల్లో తిప్పుతూ, దారిలోని ఫోన్లన్నిటికీ ఆరోగ్య బీమా సంస్థ పేరుతో నకిలీ ఎస్సెమ్మెస్‌లు పంపిస్తున్నారు. నిఘా యంత్రం మోసగాళ్ల వ్యాపార సాధనంగా మారడానికి పెద్ద మార్పేమీ అవసరం కాలేదు, కొనేవాడు మారాడంతే. 3జీ నుంచి ఫోను కూడా నెట్‌వర్కును పరీక్షించడం మొదలైంది. కానీ పై తరం సిగ్నల్‌ను అడ్డుకుంటే ఫోను బుద్ధిగా 2జీకి దిగిపోతుంది. అలా దిగొద్దని చెప్పే మీటను గూగుల్ 2021లో ఆండ్రాయిడ్ 12తో ఇచ్చింది. అన్ని ఫోన్లలో అది లేదు, ఉన్నచోట కూడా దాని సంగతి చెప్పేవాళ్లు తక్కువ.

అయితే 2జీని మూసేస్తే పోలేదా అంటే, మన దగ్గర అంత తేలిక కాదు. జియోకు 2జీ లేదు గానీ మిగతా కంపెనీల 2జీ మీద బటన్ ఫోన్లు ఇంకా నడుస్తున్నాయి. వ్యవసాయ మోటార్లకు పెట్టే మొబైల్ స్టార్టర్ల లాంటి పరికరాల్లోనూ 2జీ సిమ్ములే చాలా ఉన్నాయి. స్మార్ట్‌ఫోను కొనలేని ముసలమ్మకు భద్రత పేరుతో ఫోనే లేకుండా చేయడం న్యాయం కాదు. 4జీ పనిచేసే ఫోను చేతిలో ఉన్నవాడికి మాత్రం ఆ పాత తలుపు తెరిచే ఎందుకుండాలి? అవసరమైనవాడికి ఉంచి, అక్కర్లేనివాడికి డిఫాల్టుగా మూసి ఇవ్వమని ఫోను కంపెనీలను అడగడం అత్యాశేమీ కాదు.

గాలి దాటి లోపలికి వెళితే కంపెనీల మధ్య నడిచే సంభాషణ ఉంది. మీరు హైదరాబాదు నుంచి దుబాయి వెళితే అక్కడి నెట్‌వర్కు మీ నంబరు కాల్స్‌ను మీకు చేర్చాలి. అందుకు మీరెక్కడున్నారని కంపెనీలు ఒకదాన్నొకటి అడుగుతాయి. ఈ అడగడం, చెప్పడం జరిగే భాష పేరు ఎస్ఎస్7. 1970లలో మొదలైంది. అప్పట్లో టెలిఫోను కంపెనీ అంటే దేశానికొకటి, అదీ ఎక్కువగా ప్రభుత్వానిదే. అడిగేవాడు పెద్దమనిషే అయి ఉంటాడన్నది దాని పునాది. ఇవాళ ఆ వ్యవస్థలోకి ప్రవేశం కొనుక్కోగల కంపెనీలు ప్రపంచమంతా ఉన్నాయి, పునాది మాత్రం పాతదే. 2014లో జర్మన్ పరిశోధకులు ఈ దారిలో ఎవరి కాల్స్‌నైనా మళ్లించవచ్చని చూపించారు. 2017లో అది పరిశోధన దాటి బ్యాంకు ఖాతాల మీద పడింది. జర్మనీలో ఓ2 టెలిఫోనికా వినియోగదారుల బ్యాంకు పాస్‌వర్డులను ముందుగా దొంగిలించిన ముఠా, తర్వాత ఎస్ఎస్7 గుండా వాళ్ల ఎస్సెమ్మెస్‌లను తమవైపు తిప్పుకుని, ఓటీపీలు చదివి, ఖాతాలు ఖాళీ చేసింది. ఫోను జేబులోనే ఉంది, సిమ్ము దానిలోనే ఉంది, డబ్బు మాత్రం పోయింది.

మన దేశంలో మోసగాళ్లకు ఎస్ఎస్7 దాకా పోయే శ్రమ కూడా అక్కర్లేకపోయింది. కాల్ ఫార్వర్డింగ్ అనే చిన్న సదుపాయం ఉంది కదా, ఊరెళ్లేటప్పుడు మన కాల్స్ ఇంకో నంబరుకు వెళ్లేలా పెట్టుకునేది. కొరియర్ ఆఫీసు నుంచనో, మీ సిమ్ము ఆగిపోతుందనో ఎవడో ఫోను చేసి, *401* గానీ *21* గానీ కొట్టి పక్కన తాను చెప్పే పది అంకెలు నొక్కమంటాడు. నొక్కామా, ఆ క్షణం నుంచి మనకు రావలసిన కాల్స్ వాడికి పోతాయి. ఓటీపీని ఫోన్ కాల్‌లో చదివి వినిపించే సేవలన్నీ అప్పుడు వాడి చెవిలోనే చదువుతాయి. టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి ఇలాంటి కోడ్‌లతో జరిగే కాల్ ఫార్వర్డింగ్‌ను ఆపమని కంపెనీలను ఆదేశించింది. మంచి పనే, అయినా హెచ్చరికలు తర్వాత కూడా వస్తూనే ఉన్నాయి. మీ నంబరు ఎక్కడికైనా మళ్లి ఉందన్న అనుమానముంటే ##002# నొక్కితే ఫార్వర్డింగ్‌లన్నీ రద్దవుతాయి. ఇక్కడ హ్యాకింగ్ అనదగిన విద్య ఏమీ లేదని గమనించాలి. సౌకర్యం కోసం పెట్టిన తలుపును ఇంటి యజమాని చేతే తీయించారు.

తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఏపీకే ఫైళ్ల సంగతీ సరిగ్గా ఇదే. పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ జాబితా, బ్యాంకు రివార్డు పాయింట్లు, ఏ పేరుతో వచ్చినా లోపలుండేది ఒకటే సరుకు. తెలిసినవాళ్ల నంబరు నుంచే వస్తుంది, ఎందుకంటే ముందు వాళ్ల ఫోనే దొంగల వశమైంది. తెరిస్తే యాప్ ఎక్కుతుంది. ఎస్సెమ్మెస్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది. చూస్తున్నది చలానా కదా అని మనం సరే అంటాం. చలానాకు ఎస్సెమ్మెస్‌లతో ఏం పని అని ఆ నిమిషంలో ఎవరికీ తట్టదు. కొన్ని రకాలు ఇంకా పై మెట్టుకు పోయి యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతాయి. ఇది ఆండ్రాయిడ్‌లో అన్నిటికంటే శక్తిమంతమైన తలుపు, పెట్టింది అన్నిటికంటే మంచి ఉద్దేశంతో. చూపు లేనివారికి తెర మీద ఏముందో చదివి వినిపించాలన్నా, చేతులు సరిగా ఆడనివారి తరఫున బటన్లు నొక్కాలన్నా, ఒక యాప్‌కు మిగతా యాప్‌లన్నిటిలోనూ చూసే, నొక్కే అధికారం ఇవ్వక తప్పదు. ఆ అధికారం దొంగ యాప్ చేతిలో పడితే బ్యాంకు యాప్‌లో పిన్ను చదువుతుంది, బదిలీ బటన్ తానే నొక్కుతుంది, మనం దాన్ని తీసేయబోతే సెట్టింగ్స్ తెరను వెంటనే మూసేస్తుంది. బ్యాంకు దృష్టిలో ఆ నొక్కడం ఖాతాదారు నొక్కడమే.

గూగుల్ తన విశ్లేషణలో చెప్పిన లెక్క ఒకటి ఇక్కడ పనికొస్తుంది. ఎస్సెమ్మెస్ అందుకోవడం, చదవడం, నోటిఫికేషన్లు చూడడం, యాక్సెసిబిలిటీ అనే ఈ నాలుగు అనుమతులను వాడుకునే ఆర్థిక మోసాల మాల్వేర్‌లో 95 శాతానికి పైగా ప్లే స్టోరు బయటి నుంచి, అంటే బ్రౌజరు, మెసేజింగ్ యాప్, ఫైల్ మేనేజరు దారుల్లో ఫోన్లలోకి ఎక్కిందే. అందుకే 2024లో ముందు సింగపూర్‌లో, తర్వాత మన దేశంలో, బయటి నుంచి వచ్చి ఈ అనుమతులు కోరే యాప్‌లను ప్లే ప్రొటెక్ట్ ద్వారా అడ్డుకోవడం మొదలుపెట్టింది. దీనిమీద విమర్శ కూడా ఉంది. ఫోను నాది, ఏ యాప్ వేసుకోవాలో గూగుల్ ఎవరు చెప్పడానికి అని. స్వతంత్రంగా యాప్‌లు రాసేవాళ్ల వైపు నుంచి చూస్తే ఆ మాట కొట్టిపారేయదగింది కాదు. ఒక పెద్ద కంపెనీ చేతిలో కాపలా పెడితే ఆ కాపలా రేపు పోటీదారుల్ని ఆపడానికీ పనికొస్తుంది. కానీ ఇక్కడ అడ్డుకుంటున్నది బయటి యాప్‌లన్నిటినీ కాదు, ఆ నాలుగు తలుపులు తట్టేవాటిని. ఇంత మేరకు ఆ కట్టడి సబబే.

ఈ సందర్భంలో, చాలామందిని వేధించే ఒక అనుమానం గురించి రెండు మాటలు. మనం మాట్లాడుకున్న వస్తువు ప్రకటన కాసేపటికే ఫోన్లో కనబడుతుంది కనుక మైకు ఎప్పుడూ వింటోందని గట్టిగా నమ్మేవాళ్లు ఉన్నారు. అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో 17,260 ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. రహస్యంగా మైకు తెరిచి మాటలు పంపుతున్నట్టు ఆధారం దొరకలేదు. దొరికింది వేరు: కొన్ని యాప్‌లు తమ తెర మీద మనం చేసేదాన్ని వీడియోగా, బొమ్మలుగా తీసి మూడో కంపెనీకి పంపుతున్నాయి. మన భయం ఒకచోట, అసలు కన్నం ఇంకోచోట.

ఇంతవరకూ చెప్పినదానికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. పెగాసస్ మాటేమిటి? ఇజ్రాయెల్ కంపెనీ ఎన్ఎస్ఓ తయారుచేసిన ఆ గూఢచారి సాఫ్ట్‌వేర్ ఎవరో పెట్టిన తలుపు గుండా రాలేదు, ఎవరికీ తెలియని పగుళ్లలోంచి దూరింది. 2016లో యుఏఈ హక్కుల కార్యకర్త అహ్మద్ మన్సూర్‌కు వచ్చిన ఎస్సెమ్మెస్‌ను ఆయన నొక్కకుండా టొరంటోలోని సిటిజన్ ల్యాబ్‌కు పంపడంతో అది బయటపడింది. ఐఫోన్లో అప్పటిదాకా ఆపిల్‌కు కూడా తెలియని మూడు లోపాలను అది వాడుకుంటోంది. 2019కల్లా లింకు నొక్కే అవసరం కూడా లేకుండా, వాట్సాప్ కాల్ వస్తే చాలు, ఎత్తకపోయినా ఫోను వశమయ్యే స్థితి వచ్చింది. ఆ దాడిలో సుమారు 1,400 మంది లక్ష్యమయ్యారు, అందులో భారతీయులూ ఉన్నారు. ఇలాంటిదాని ముందు ఎంత జాగ్రత్తపరుడైనా నిస్సహాయుడే, నిజం. అయితే ఆ లోపాలు తెలిసినవాళ్లు ఏం చేశారు? తయారీదారుకు చెబితే కొద్దిరోజుల్లో మూతపడేదాన్ని, చెప్పకుండా దాచుకుని అమ్మారు. కొన్నవాళ్లు ప్రభుత్వాలు. తెలిసీ పూడ్చనివ్వని పగులుకూ పెట్టించుకున్న తలుపుకూ తేడా ఎంత?

దాచిన పగుళ్లు దాచినవాళ్ల దగ్గరే ఉండిపోతాయన్న నమ్మకం కూడా 2017లో కూలింది. అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ గుట్టుగా వాడుకున్న విండోస్ లోపం ఒకటి ఆ ఏప్రిల్‌లో బజారున పడింది. మే నెలలో దాంతోనే వన్నాక్రై వైరస్ దేశదేశాల కంప్యూటర్లకు తాళాలు వేసి డబ్బడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆగాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లే కొన్ని చిక్కుకున్నాయి. వాషింగ్టన్ దగ్గర దాచిన ఆయుధం తిరుపతి వైపు పేలుతుందని దాచినప్పుడు ఎవరనుకున్నారు? ఎన్ఎస్ఓ విషయానికొస్తే 2025 మేలో అమెరికా జ్యూరీ వాట్సాప్‌కు సుమారు 16.8 కోట్ల డాలర్లు చెల్లించమంది, తర్వాత జడ్జి దాన్ని బాగా తగ్గించారు. మన దగ్గర తెలుగువారైన అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ నాయకత్వంలోని ధర్మాసనం పెగాసస్ ఆరోపణల మీద 2021 అక్టోబరు 27న నిపుణుల కమిటీ వేసింది. కమిటీ 29 ఫోన్లు పరిశీలించింది, ఐదింటిలో ఏదో మాల్వేర్ ఉంది, అది పెగాససే అని తేల్చలేకపోయింది. ప్రభుత్వం సహకరించలేదని కూడా కమిటీ చెప్పినట్టు 2022 ఆగస్టులో కోర్టు హాలులోనే వెల్లడైంది.

రెండో ఆక్షేపణ ఇంకా బరువైనది. పోలీసులకు వినే వీలు లేకపోతే ఉగ్రవాదినీ కిడ్నాపరునూ పట్టేదెలా? ప్రజాస్వామ్యంలో ట్యాపింగే ఉండకూడదని ఈ వ్యాసం అనడం లేదు. 1996 డిసెంబరులో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు కూడా అనలేదు. హోం కార్యదర్శి స్థాయి అనుమతి, గడువు, సమీక్షా కమిటీ ఉండాలంది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం పోయి 2023 టెలికాం చట్టం వచ్చింది, 2024 డిసెంబరులో కొత్త నిబంధనలూ వచ్చాయి. చట్రం మాత్రం అదే: ఆదేశమిచ్చేది అధికారులు, సమీక్షించేదీ అధికారులే, జడ్జి ఎక్కడా లేడు. ఆ సమీక్ష ఎలాంటిదో డేటా రక్షణ మీద వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో లెక్క కట్టి చెప్పింది. రెండు నెలలకోసారి కూర్చునే కమిటీ ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఆదేశాలు పరిశీలించాలట. ఒక్కోదానికి ఎన్ని సెకన్లు దక్కుతాయో పాఠకులే లెక్క వేసుకోవచ్చు. 2024 మార్చిలో హైదరాబాదు పంజాగుట్ట పోలీస్ స్టేషన్లో నమోదైన కేసు చూడండి. మావోయిస్టుల కదలికలు కనిపెట్టడానికి పెట్టుకున్న నిఘా విభాగంలోనే రాజకీయ నాయకులు, వ్యాపారుల ఫోన్లు విన్నారని, ప్రభుత్వం మారగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ. నిజానిజాలు కోర్టు తేల్చాలి. కానీ అలా జరగడానికి వీలుండడం, జరిగితే ఏళ్ల తర్వాత గానీ బయటికి రాకపోవడం, ఈ రెండూ చట్రంలోని లోపాలే.

పైగా అనుమతి పొందినవాడు మాత్రమే ఆ తలుపు తీస్తాడన్న హామీని గ్రీసు తర్వాత అమెరికా కూడా నిలబెట్టుకోలేకపోయింది. కోర్టు అనుమతితో వినడానికి వీలుగా యంత్రాలు ఉండాలని 1994లో చట్టం చేసిన దేశమది. 2024లో సాల్ట్ టైఫూన్ అని పేరుపెట్టిన చైనా హ్యాకర్ల బృందం అక్కడి పెద్ద టెలికాం కంపెనీల్లో దూరి, కోర్టు ఆదేశాల మీద పోలీసులు కోరిన సమాచారంలో కొంత ఎత్తుకుపోయింది. ఎవరెవరి మీద నిఘా ఉందో తెలియడం గూఢచారికి ఎంత విలువైందో చెప్పక్కర్లేదు. మాటలను సంకేతాల్లోకి మార్చే ఎన్‌క్రిప్షన్ వల్ల నేరస్థులు చీకట్లో దాక్కుంటున్నారని ఏళ్ల తరబడి వాదించిన అమెరికా యంత్రాంగమే, ఆ ఏడాది డిసెంబరులో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లనే వాడమని సలహా ఇచ్చింది.

మరి నేరస్థుల మాట? అందరి తలుపులూ సడలించకుండానే పోలీసులు పని చేయగలరని యూరప్ అనుభవం చెబుతోంది. ఎన్‌క్రోచాట్ అనే ‘అభేద్యమైన’ ఫోన్లు ముఠాల్లో బాగా అమ్ముడుపోయేవి, సుమారు 60,000 మంది వాడేవాళ్లు. 2020లో ఫ్రెంచి పోలీసులు ఆ ఒక్క సేవలోకి చొచ్చుకుపోయి సందేశాలు చదివారు. ఎఫ్‌బీఐ ఇంకో అడుగు ముందుకేసి ఆనమ్ అనే రహస్య ఫోను బ్రాండునే నడిపించింది. 12,000 పరికరాలు, 2.7 కోట్ల సందేశాలు. 2021 జూన్‌లో ఒక్కసారి వల లాగితే 800 మందికి పైగా దొరికారు. ఈ పద్ధతుల మీదా న్యాయపరమైన తకరార్లు ఉన్నాయి, కానీ వీటిలో దెబ్బ అనుమానితుల సమూహం మీద పడింది, ఊళ్లో ప్రతి ఫోను మీదా కాదు. ‘హ్యాక్ కాని ఫోను’ అని ప్రకటన చూసి లక్షలు పోసేవాళ్లు కూడా ఈ రెండు కథలూ చదవాలి.

నా దగ్గర దాచుకునేదేముంది అనేవాళ్లకు జవాబు చిన్నదే: ఓటీపీ ఉంది. బ్యాంకులు ఎస్సెమ్మెస్‌నే నమ్ముకుని ఉన్నన్నాళ్లూ పైన చెప్పిన దారులన్నీ మీ పొదుపు ఖాతా దాకా పోయేవే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఎస్సెమ్మెస్ ఓటీపీ మీద 2016లోనే అనుమానం వ్యక్తం చేసింది. మన రిజర్వ్ బ్యాంకు ఇతర పద్ధతులకు దారి తెరిచింది గానీ ఎస్సెమ్మెస్‌ను పక్కన పెట్టలేదు.

పాఠకుడు తన చేతిలో ఉన్నంత వరకు మూయగలవి కొన్ని ఉన్నాయి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ తెరిచి అక్కడ మీకు తెలియని పేరేదైనా ఆన్‌లో ఉందేమో చూడండి, ఉంటే ఆపండి. ఎస్సెమ్మెస్, నోటిఫికేషన్ల అనుమతి ఏ యాప్‌లకుందో చూడండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ అన్నచోట మీవి కాని పరికరాలుంటే తీసేయండి. బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ విడిగా పెట్టుకోవాలి, 2021 నుంచి ఆ వీలుంది. అప్‌డేట్ వస్తే వాయిదా వేయకండి, ఎందుకంటే లోపం పూడ్చిన రోజే అది లోకమంతటికీ తెలిసే రోజు కూడా. ఫోనును అప్పుడప్పుడు ఆపి మళ్లీ ఆన్ చేస్తే తాత్కాలిక మెమరీలో మాత్రమే నిలిచే రకం గూఢచారి సాఫ్ట్‌వేర్ కొంత వదులుతుంది. పాత్రికేయులు, లాయర్లు, ఉద్యమకారులు ఐఫోను వాడుతుంటే, దాడికి వీలిచ్చే సదుపాయాలను ఆపేసే లాక్‌డౌన్ మోడ్ పరిశీలించాలి. ఏపీకే ఫైలు మాత్రం మేనమామ పంపినా తెరవకండి, ముందు ఆయనకు ఫోను చేసి అడగండి. ఒకవేళ తెరిచేసి, డబ్బు పోతున్నట్టు కనబడితే, ఆ ఫోనును వెంటనే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఇంకో ఫోను నుంచి 1930కి కాల్ చేయండి. డబ్బు ఖాతాలు మారేలోపు ఆపే అవకాశం ఆ మొదటి గంటల్లోనే ఎక్కువ.